“అవే వాడండి” అన్న మాట గురించి వైద్య ఆరోగ్య శాఖలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ప్రజారోగ్య సంచాలకులకు, ఔషధ నియంత్రణ విభాగాల అధికారులకు నమస్కరించి రాయునది.

నేను ఇప్పటి పల్నాడు జిల్లాలోని ఒక జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లపాటు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిని. పంతొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే, థైరాయిడ్ హార్మోన్ తక్కువైనవారికి ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నాను. మా అక్క ఖమ్మంలో ఉంటుంది, ఆమెదీ ఇదే మాత్ర. అందువల్ల ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో, మెడికల్ షాపుల్లో ఈ మందు చుట్టూ జరిగే తంతు రెండు రాష్ట్రాలలోనూ నాకు బాగానే తెలుసు. మందు దొరకడం లేదని ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. మందు దొరుకుతోంది, జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉండడం వల్ల దాని ధర మీద అదుపు కూడా ఉంది. నా బాధల్లా మోతాదు గురించి. ఎంత వేసుకోవాలో తేల్చడం, తేల్చినది సరిపోతోందో లేదో కొన్ని వారాలకు మళ్లీ చూడడం, అవసరమైతే మార్చడం అనే పనులు మన ఆరోగ్య వ్యవస్థలో ఎవరి బాధ్యతా కాకుండా పోయాయి. వాటికి బదులుగా ఏ ఓపీ గదిలో చూసినా ఒకే మాట వినిపిస్తోంది: “అవే వాడండి.”

ముందుగా నా సంగతి చెబుతాను. పంతొమ్మిదేళ్ల కిందట పాఠం చెబుతుండగా గొంతు బొంగురుపోవడం, స్టాఫ్ రూములో కూర్చున్నచోటే కునుకు పట్టడం, మే నెలలో కూడా చలి వేయడం మొదలైతే రక్తపరీక్ష చేయించారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ మందగించేకొద్దీ ఇది పెరుగుతుంది) 38 వచ్చింది. 50 మైక్రోగ్రాముల మాత్రతో మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏడేళ్లలో ఎప్పుడు పరీక్ష చేయించినా టీఎస్‌హెచ్ ఉండవలసిన దానికంటే ఎక్కువే ఉండేది, ఉన్న ప్రతిసారీ మోతాదు 25 చొప్పున పెరిగేది. అలా 75, 100, 125 దాటి 150కి చేరింది. అప్పుడు నా బరువు 62 కిలోలు. థైరాయిడ్ గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయడం మానేసిన పెద్దవారికి కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలన్నది వైద్యులందరికీ తెలిసిన లెక్క. ఆ లెక్కన నాకు 100 మైక్రోగ్రాముల మాత్ర సరిపోవాలి. 150 వేసుకుంటున్నా చాలడం లేదంటే అసలు మందు ఒంటికి పడుతోందా అన్న అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు.

లోపం మా వంటింట్లో ఉంది. పొద్దున్న అయిదున్నరకు ఎడమచేతిలో ఫిల్టర్ కాఫీ గ్లాసు, కుడి అరచేతిలో థైరాయిడ్ మాత్ర, దాని పక్కనే మోకాళ్ల నొప్పులకని రాసిన క్యాల్షియం బిళ్ల. రెండింటినీ కలిపి వేడి కాఫీతో ఒకే గుక్కలో మింగేదాన్ని. ‘ఉదయం వేసుకోండి’ అన్నారు, ఉదయమే వేసుకున్నాను. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలని, ఆ తర్వాత అరగంట నుంచి గంట వరకు కాఫీ, టిఫిను ముట్టకూడదని, క్యాల్షియం, ఐరన్ బిళ్లలకు నాలుగు గంటల ఎడం ఉండాలని, లేకపోతే మందు పేగుల్లోంచి రక్తంలోకి సరిగా చేరదని ఏడేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. జంతుశాస్త్రం చెప్పే మనిషికి ఆ మాత్రం తెలియదా అని మీకు అనిపించవచ్చు. అయోడిన్, థైరాక్సిన్, గాయిటర్ అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు గాని, కాఫీ సంగతి మా సిలబసులో లేదు.

ఎనిమిదో ఏట ఒక కుర్ర డాక్టరు నా చీటీ వంక, నా వంక మార్చి మార్చి చూసి, “మాత్ర ఎలా వేసుకుంటున్నారమ్మా?” అని అడిగాడు. చెప్పాను. కాఫీ గంట ఆగి తాగమన్నాడు, క్యాల్షియం రాత్రి భోజనంతో వేసుకోమన్నాడు. అడగవలసిన ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే కాబట్టి ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అయినా ఆయన కూడా చివరికి, “అవే వాడండి, ఆరు నెలల తర్వాత రండి” అనే అన్నాడు. సగం సగం పడుతున్న 150 ఇప్పుడు మొత్తం పట్టడం మొదలైంది. మూడో నెలకు నల్లబల్ల మీద నా అక్షరాలు వణకడం ముందు బెంచీలో కూర్చున్న పిల్లలు గమనించారు. రాత్రిళ్లు పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినిపించేది. నాలుగు కిలోలు తగ్గాను. ఏ నూనె వాడుతున్నారు, ఎంత దూరం నడుస్తున్నారు అని తోటి లెక్చరర్లు మెచ్చుకుంటూ అడిగారు. ఆరు నెలలకు టీఎస్‌హెచ్ 0.02 వచ్చింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. ఈసీజీలో గుండె లయ తప్పలేదని తేలింది గాని, ఈ మందు ఎక్కువైతే, ముఖ్యంగా వయసు పైబడినవారిలో, గుండె క్రమం తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చని, ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారతాయని అప్పుడే తెలిసింది. తర్వాత 125కి, చివరికి 100కి తగ్గించారు. ఇప్పటికీ 100 మీదే ఉన్నాను.

నా ఒక్కదాని అనుభవాన్ని మీ ముందు పెట్టడానికి కారణం ఉంది. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో హైదరాబాద్‌తో సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో అయిదు వేలకు పైగా పెద్దవారిని పరీక్షిస్తే 10.95 శాతం మందిలో హైపోథైరాయిడిజం (థైరాయిడ్ మందగించడం) కనిపించింది, పరీక్షించిన మొత్తం మందిలో 3.47 శాతానికి తమకు ఆ జబ్బు ఉన్నట్లే అప్పటిదాకా తెలియదు. అంటే నగరాల్లో ప్రతి తొమ్మిది మందిలో ఒకరు. మన పెళ్లిపందిట్లో ఏ వరుసలో కూర్చున్నా “నాకూ థైరాయిడ్ ఉంది వదినా” అనేవారు ఇద్దరు ముగ్గురు తగులుతారు. (థైరాయిడ్ లేనివారు ఎవరూ ఉండరు, అది అందరి గొంతులోనూ ఉండే గ్రంథి అని చెప్పి చెప్పి విసిగిపోయి నేను కూడా ‘నాకు థైరాయిడ్ ఉంది’ అనడం మొదలుపెట్టాను.) ఇంతమంది ఏళ్ల తరబడి, చాలామంది జీవితాంతం, వేసుకునే మందు ఇది.

ఈ మందులో మోతాదుకు ఇంత పట్టింపు ఎందుకో మీ శాఖలోని వైద్యులకు నేను చెప్పనక్కరలేదు. కాని దస్త్రాలు చూసే అధికారులు, కొనుగోళ్లు చూసే ఇంజినీర్లు, లెక్కలు చూసే ఆడిటర్లు కూడా ఈ లేఖ చదువుతారని ఆశించి రెండు మాటలు రాస్తున్నాను. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు. 75కి, 100కి మధ్య తేడా కంటికి ఆనదు, ఒంటికి మాత్రం బాగా ఆనుతుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ పెంచి థైరాయిడ్‌ను గట్టిగా పిలుస్తుంది. హార్మోన్ ఎక్కువైతే పిలవడం మానుకుంటుంది. పలకని పిల్లవాణ్ని పెరట్లోంచి తల్లి పిలిచే పిలుపు లాంటిది టీఎస్‌హెచ్. పలికేకొద్దీ పిలుపు తగ్గుతుంది. అందుకే టీఎస్‌హెచ్ పెరిగితే మందు చాలడం లేదని, పడిపోతే ఎక్కువైందని అర్థం. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, రిపోర్టులో అంకె పెద్దదిగా ఉంటే “థైరాయిడ్ ఎక్కువైంది” అనుకుని ఉన్న మాత్ర మానేస్తారు. ఇలా మానేసినవారిని నేను స్వయంగా ముగ్గురిని చూశాను. ఒకామె డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్.

రెండో సంగతి కాలానికి సంబంధించినది. లెవోథైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందుచేత మోతాదు మార్చిన మర్నాడో పది రోజులకో చేసే పరీక్ష ఏమీ చెప్పదు. పాత మోతాదు ప్రభావం పోయి కొత్తది నిలదొక్కుకోవడానికి, పిట్యూటరీ దాన్ని గుర్తించడానికి ఆరు వారాలు కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చూడాలన్న నియమం అందుకే వచ్చింది. మోతాదు కుదిరిన తర్వాత ఆరు నెలలకో ఏడాదికో చూస్తే చాలు. కుదరకముందు ఆరు నెలలు ఆగమనడం ఏమాత్రం తగదు. గుండెజబ్బు ఉన్నవారికి, వయసు మళ్లినవారికి 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు కాబట్టి వారికి ఈ ఆరు వారాల పరీక్ష మరీ ముఖ్యం. అది లేకపోతే వారు ఆ 25 దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోతారు.

ఇప్పుడు మన ఆరోగ్య కేంద్రాల సంగతి. బీపీ, షుగర్ ఉన్నవారి జాబితా ఊరి ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. ఎవరు మాత్రలు తీసుకున్నారో, ఎవరు రాలేదో ఆమెకు తెలుసు. మా వీధిలో షుగర్ ఉన్న ముసలాయన రెండు నెలలు ఆసుపత్రికి వెళ్లకపోతే ఆశా అమ్మాయి ఇంటికి వచ్చి కేకలేసి వెళ్లింది. థైరాయిడ్ ఉన్నవారికి అలాంటి జాబితా లేదు. రక్తం ఒకచోట తీస్తారు, తెలంగాణలో అయితే నమూనా డయాగ్నొస్టిక్స్ హబ్‌కు వెళ్లి రిపోర్టు ఫోనుకు వస్తుంది. ఆ రిపోర్టు చూసి మోతాదు రాసేది ఇంకొకరు. మందు ఇచ్చేది మరొకరు. ఎవరికి వారే యమునా తీరే. మా అక్కకు ఒకసారి ఫోనులో వచ్చిన రిపోర్టు నాలుగు నెలలు ఆ ఫోనులోనే ఉండిపోయింది, ఎందుకంటే ఆమె తెలుగు తప్ప చదవలేదు, అందులో తెలుగు లేదు. పరీక్ష ఉచితమే, మందూ ఉచితమే, కాని ఆ రెండింటినీ కలిపి చూసిన మనిషి లేడు.

గర్భిణుల విషయంలో ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కడుపులోని బిడ్డ థైరాయిడ్ మొదటి మూడు నెలలు హార్మోన్ తయారుచేయలేదు, ఆ తర్వాత కూడా కొన్ని వారాల వరకు పూర్తిగా అందుకోదు. అంతవరకు బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసినది తల్లి రక్తంలోంచే రావాలి. అందుకే ముందునుంచీ మాత్ర వాడుతున్న స్త్రీకి నెల తప్పిందని తెలియగానే మోతాదు 25 నుంచి 30 శాతం పెంచవలసి వస్తుంది. వారానికి ఏడు మాత్రలకు బదులు తొమ్మిది వేసుకోమని అంతర్జాతీయ మార్గదర్శకాలు సులువైన దారి చూపించాయి. అయితే ఆ మాట డాక్టరు ముందే చెప్పి ఉంచాలి, ఎందుకంటే నెల తప్పిన తర్వాత మొదటి చెకప్‌కు వెళ్లేసరికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. 2014లోనే కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ గర్భిణుల్లో హైపోథైరాయిడిజం గుర్తింపు గురించి జాతీయ మార్గదర్శకాలు వెలువరించింది. ప్రతి నెలా 9వ తేదీన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులను డాక్టరు చూసే ఏర్పాటూ ఉంది. ఏర్పాట్లన్నీ ఉన్నాయి.

అయినా మా ఎదురింటి అమ్మాయికి ఏం జరిగిందో చూడండి. పెళ్లికి ముందునుంచే 75 మాత్ర వాడుతున్న పిల్ల. నాలుగో నెలలో ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ బిళ్లలు, క్యాల్షియం బిళ్లలు ఇచ్చారు. అత్తగారు శ్రద్ధగల మనిషి కాబట్టి ఏ బిళ్లా మరిచిపోకుండా మూడింటినీ ఒక స్టీలు మూతలో పోసి, ఇడ్లీలు తిన్న వెంటనే కోడలి చేతికి ఇచ్చేది. అయిదో నెలలో టీఎస్‌హెచ్ 9 దాటింది. మోతాదు 100 చేశారు. బిళ్లలు మాత్రం అదే మూతలో, అదే వేళకు పడుతూనే ఉన్నాయి. నా కంట పడబట్టి సరిపోయింది. మర్నాడు ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఏఎన్ఎం దగ్గరకు వెళ్లాను. ఆమె నొచ్చుకోలేదు, పైగా తనకు ఈ సంగతి శిక్షణలో ఎవరూ చెప్పలేదని ఒప్పుకుని, నీలం స్కెచ్ పెన్ను తీసి అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది: ‘పొద్దున లేవగానే థైరాయిడ్, నీళ్లతో. మధ్యాహ్నం అన్నంతో క్యాల్షియం. సాయంత్రం 4కి ఐరన్. రాత్రి అన్నంతో క్యాల్షియం.’ ఆరు వారాలకు టీఎస్‌హెచ్ 2.1కి దిగింది. ఆ అట్టముక్క ఇప్పటికీ వాళ్ల ఫ్రిజ్ మీద ఉంది. ప్రసవమయ్యాక మోతాదును మళ్లీ పాత 75కు తేవాలని, ఆరు వారాలకు పరీక్ష చేయాలని కూడా నేనే గుర్తు చేయవలసి వచ్చింది. బాలింత పరీక్షల కాగితంలో థైరాయిడ్ ఊసే లేదు.

ఏఎన్ఎం నోటితో చెప్పిన ఆ ఒక్క వాక్యం, ‘శిక్షణలో ఎవరూ చెప్పలేదు’ అన్నది, మీరు దయచేసి గుర్తుపెట్టుకోవాలి. ఐరన్ బిళ్ల చేతిలో పెట్టే ప్రతి ఏఎన్ఎం, “థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావా అమ్మా?” అని అడిగితే చాలు, దీనికి పైసా ఖర్చు కాదు.

మాత్రల పవర్ల గురించి. బయటి షాపుల్లో 12.5 నుంచి 150 వరకు రకరకాల పవర్లలో ఈ మందు దొరుకుతుంది. మా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నేను చూసినన్నాళ్లు ఉంటే 50 ఉండేది, ఒక్కోసారి 100 ఉండేది. 75 కావలసినవారికి 50 ఇచ్చి పంపినరోజులు ఉన్నాయి, 62.5 కావలసిన ముసలమ్మకు 100 ఇచ్చి “విరిచి వేసుకో” అన్న రోజూ ఉంది. ఆమె ఆ మాత్రను వక్కలు కత్తిరించే అడకత్తెరతో విరిచేది. సగం ఆమె నోట్లోకి, కొంత నేలమీదికి పోయేది. అన్ని పవర్లూ కొనడం కష్టమైతే కనీసం 25, 50, 100 మూడూ ఎప్పుడూ నిల్వ ఉండేలా చూడాలి. 25 గనక ఉంటే విరవవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది. అదీ లేని రోజున ఈ మందు వారం పాటు ఒంట్లో నిలిచే గుణాన్నే వాడుకోవచ్చు. ఒకరోజు 50, మర్నాడు 100 చొప్పున వేసుకుంటే సగటున రోజుకు 75 పడినట్లే. వారం మొత్తం లెక్క ముఖ్యం. ఇది నా సొంత కనిపెట్టుడు కాదు, ఎండోక్రైనాలజిస్టులు రాస్తూనే ఉన్నారు. అయితే దీన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు ధైర్యంగా రాయాలంటే మీ నుంచి ఒక రాతపూర్వక సూచన ఉండాలి, రోగికి ఏ రోజు ఏది అని తెలుగులో రాసిన చీటీ ఉండాలి.

ఔషధ నియంత్రణ అధికారులకు ప్రత్యేకంగా రెండు విన్నపాలు. ఈ మందు వేడికి, వెలుతురుకు, తేమకు త్వరగా చెడిపోతుంది. రెంటచింతల ఎండల గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో రేకుల కప్పు కింద నడిచే మందుల షాపులో మధ్యాహ్నం రెండింటికి సీసాలోని మాత్రలు ఎంత వేడిలో ఉంటాయో ఊహించండి. సీసా మొత్తం కొనే స్తోమత లేనివారికి అందులోంచి పదిహేను మాత్రలు లెక్కపెట్టి కాగితపు పొట్లంలో కట్టి ఇవ్వడం మా ఊళ్లలో మామూలే. ఆ పొట్లం మీద పవర్ ఉండదు, కంపెనీ ఉండదు, గడువు తేదీ ఉండదు. అమెరికాలో ఈ మాత్రల్లో మందు నిలకడగా ఉండడం లేదని గమనించి 1997లో కొత్తగా అనుమతులు తీసుకోవాలన్నారు, 2007లో గడువు తీరేవరకు మందు 95 నుంచి 105 శాతం మధ్యే ఉండాలని ఇంకా బిగించారు. అంత సున్నితమైన మందును మనం కాగితపు పొట్లంలో కడుతున్నాం. విడిగా అమ్మడం ఆపించండి, పదేసి మాత్రల స్ట్రిప్పులలో దొరికేలా ప్రోత్సహించండి, ఎండాకాలం తనిఖీలలో ఈ మందు నమూనాలు తప్పక తీయించండి.

రెండోది, కంపెనీ మారడం. జెనరిక్ మందులకు నేను వ్యతిరేకిని కాను, నేను వాడేదీ ఖరీదైన బ్రాండు కాదు. కాని ఒక నెల ఒక కంపెనీది, వచ్చే నెల టెండరు దక్కిన ఇంకో కంపెనీది, మధ్యలో నిల్వ లేక బయట కొన్నది మూడోది అయితే మోతాదు కుదిరిందని ఎవరు చెప్పగలరు? 2017లో ఫ్రాన్సులో ఒకే కంపెనీ తన లెవోథైరాక్సిన్ మాత్రలో మందు మార్చకుండా కేవలం అందులో కలిపే ఇతర పదార్థాలు మార్చినప్పుడు వేలాది మంది ఒంట్లో తేడాగా ఉందని ఫిర్యాదు చేశారు. అక్కడ పెద్ద రభస జరగడానికి మార్పు సంగతి జనానికి సరిగా చెప్పకపోవడం కూడా ఒక కారణం. మార్పు తప్పనప్పుడు మార్చండి, అయితే మార్చామని చెప్పి, ఆరు వారాలకు ఒక టీఎస్‌హెచ్ రాయండి.

మోతాదు సున్నా కావలసినవారి గురించి కూడా చెప్పాలి. ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలు వచ్చాక మా ఊళ్లో ఏ జబ్బూ లేని డెబ్భై ఏళ్ల పెద్దాయనకు టీఎస్‌హెచ్ 5.8 ఉందని ఆ సాయంత్రమే మాత్ర మొదలుపెట్టారు. వయసుతోపాటు టీఎస్‌హెచ్ కొంత పెరగడం సహజం. థైరాక్సిన్ మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ ఒక్కటే కాస్త పెరిగిన 65 ఏళ్లు దాటిన 737 మందిలో మందు వాడినవారికి, వాడనివారికి లక్షణాలలో తేడా లేదని 2017లో యూరప్‌లో జరిగిన పరిశోధనలో తేలింది. టీఎస్‌హెచ్ 10 దాటినవారి సంగతి, గర్భం కోసం ఎదురుచూసే స్త్రీల సంగతి వేరు. మిగతావారికి రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేసి, అప్పటికీ పెరిగే ఉంటేనే ఆలోచించాలి తప్ప ఒక్క కాగితం చూసి జీవితకాలపు మందు రాయకూడదు. ఇదే ల్యాబు కాగితాల విషయంలో ఇంకో చిక్కు: జుట్టు రాలుతోందని ఆడపిల్లలు తెచ్చుకునే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల యంత్రాలలో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. జుట్టు రాలడానికి థైరాయిడ్ మోతాదు తక్కువవడమే కారణమైన పిల్లకు, బయోటిన్ వల్ల తప్పుగా వచ్చిన రిపోర్టు చూసి ఉన్న మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది. కనీసం రెండు రోజులు ముందుగా బయోటిన్ ఆపి రమ్మని రక్తం తీసే అబ్బాయి చెప్పగలగాలి.

నేను కోరుతున్నవి పెద్ద బడ్జెట్ అవసరమయ్యే పనులు కావు. బీపీ, షుగర్ రిజిస్టరులోనే థైరాయిడ్‌కు ఒక గడి కలపండి. అందులో పేరు, బరువు, మాత్ర కంపెనీ, మోతాదు మైక్రోగ్రాములలో, చివరి టీఎస్‌హెచ్, తర్వాతి టీఎస్‌హెచ్ తేదీ రాయించండి. మోతాదు మొదలుపెట్టినా, మార్చినా, కంపెనీ మారినా ఆ తేదీ ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పడాలి. ఆ తేదీ రాయకుండా చీటీ చెల్లదన్న నియమం పెడితే “అవే వాడండి” అన్న మాట తనంతట తానే తగ్గుతుంది. ఫోనుకు వచ్చే రిపోర్టు కింద ఒక్క తెలుగు వాక్యం చేర్చండి: ‘ఈ రిపోర్టును మాత్ర రాసిన డాక్టరుకు చూపించి, మోతాదు మార్చాలో వద్దో అడగండి.’ మోతాదు మార్చాలనుకునే ప్రతి డాక్టరూ కలం తీసే ముందు ఆ కుర్ర డాక్టరు నన్ను అడిగిన ప్రశ్న అడగాలని మార్గదర్శకాల్లో చేర్చండి. పొద్దున పరగడుపు కుదరని వాళ్లుంటారు, తెల్లవారుజామునే పాలు పితికేవాళ్లు, రాత్రి డ్యూటీ చేసేవాళ్లు. వారు రాత్రి భోజనమై మూడు గంటలయ్యాక వేసుకోవచ్చు; పడుకోబోయే ముందు వేసుకున్నా మందు బాగా పడుతుందని 2010లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధన చూపించింది. వేళ ఏదైనా అది రోజూ ఒకటిగా ఉండాలి, అంతే.

మందు సీసాతోపాటు ఇచ్చే తెలుగు చీటీ నేను రాసిపెట్టాను. మీకు నచ్చితే వాడుకోండి, సరిదిద్దితే సంతోషం. ‘ఈ మాత్ర రోజూ ఒకే వేళకు, పరగడుపున, మంచినీళ్లతో మాత్రమే వేసుకోవాలి. తర్వాత గంట వరకు కాఫీ, టీ, పాలు, టిఫిను వద్దు. ఐరన్, క్యాల్షియం, గ్యాస్ మందులకు నాలుగు గంటల ఎడం ఉంచాలి. ఒకరోజు మరిచిపోతే కంగారు పడవద్దు, మానేయవద్దు. మాత్రను సీసాలోనే, ఎండ, తడి తగలని చోట ఉంచాలి. నెల తప్పితే ఆ వారమే డాక్టరును కలవాలి. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం ఉంటే మందు ఎక్కువైందేమో అడగాలి. మీ తర్వాతి రక్తపరీక్ష తేదీ: .........’ ఆ చుక్కల చోట తేదీ వేయవలసింది డాక్టరు, వేయించుకోవలసింది రోగి.

ఈ లేఖకు నాకు విడిగా జవాబు రాయనక్కరలేదు. ఉత్తర్వు ఏదైనా వెలువడితే ఒక ప్రతిని ఆరోగ్య కేంద్రం నోటీసు బోర్డు మీద అంటించండి. నెలకోసారి అక్కడికి వెళుతుంటాను, చదువుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
పల్నాడు జిల్లా.